బయాస్‌లోనూ అవే చుక్కలు

నా కంప్యూటర్ తెర మీద వచ్చే చుక్కలు ఈసారి విండోస్ లోడ్ కాకముందే వచ్చేశాయి. బయాస్ (ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) తెర మీద, అక్షరాల మధ్య, ముగ్గు చుక్కల్లా వరసగా పచ్చగా.

అంటే తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డును విండోస్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, దాని తప్పు కాదు. విండోస్ రాకముందు ఆ డ్రైవర్ నడవనే నడవదు కదా. నిన్న రాత్రి ఒంటిగంట దాకా సేఫ్ మోడ్‌లో డ్రైవర్ తీసి మళ్ళీ వేస్తూ కూర్చున్నాను. ముందు ఇది చూసుకోవాల్సింది.

కార్డు బయటికి తీసి దుమ్ము దులిపాను. బంగారు రంగు కాంటాక్టులను రబ్బరుతో మెల్లగా తుడిచాను. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది, వేడి 60 డిగ్రీలు దాటలేదు. కేబుల్ మార్చాను, వేరే మానిటర్ పెట్టి చూశాను. అవే చుక్కలు.

చివరికి కార్డు పక్కన పెట్టి, హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మదర్‌బోర్డుకే తగిలించాను. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో తెర అద్దంలా వచ్చింది. కార్డు మీది మెమరీ చిప్పులే పోతున్నట్టున్నాయి.

ఓవెన్‌లో పెట్టి వేడి చేస్తే బాగవుతుందని కొందరంటారు. నేను చేయను. పనిచేసినా నాలుగు రోజుల ముచ్చటే, పైగా వంట చేసుకునే చోట ఆ పొగలు వద్దు.

2018లో మూడు నెలలు జీతంలోంచి దాచి కొన్న కార్డు ఇది. చెల్లి బీటెక్ ప్రాజెక్టు దీని మీదే చేసింది. ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పారెయ్యకు అన్నయ్యా, ఉంచు" అంది.

పాత డబ్బా అటక మీద దొరికింది. కార్డును కవర్‌లో చుట్టి అందులో పెట్టాను. రేపు చిప్ లెవల్ రిపేర్ చేసేవాళ్ళకి ఒకసారి చూపిస్తాను.