గుర్రాలు వెళ్లిపోయాయి, గుర్రపుడెక్క మిగిలింది

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని, సంచిలో నాలుగు క్యారెట్లు వేసుకుని, "వెళ్లొస్తానమ్మా" అని బయల్దేరింది. పది నిమిషాలకే వెనక్కొచ్చింది. ఏడవలేదు, అదే నాకు ఇంకా బాధ. "సెక్యూరిటీ అంకుల్ లిస్టులో మన విల్లా నంబర్ లేదన్నాడు" అని చెప్పి, క్యారెట్లు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసి తన గదిలోకి వెళ్లిపోయింది.

మా కమ్యూనిటీలో, మేం డబ్బులు కట్టిన గుర్రపుశాలకి లిస్టేమిటని నేనే వెళ్లాను. మా వైపు గేటుకి తాళం. అవతల సర్వీసు రోడ్డు వైపు ఎప్పుడు పెట్టారో కొత్త గేటు ఒకటి, బార్లా తెరిచి ఉంది. బయటి కార్లు ఏడెనిమిది ఆగి ఉన్నాయి, లోపల ఎవరి పిల్లలో మా గుర్రాల మీద గుండ్రంగా తిరుగుతున్నారు. మా గుర్రాలు అని అలవాటు కొద్దీ అనేస్తున్నాను కానీ అవి ఏనాడూ మావి కావని తర్వాత కాగితాల్లో తేలింది. ఆ కథే రాద్దామని కూర్చున్నాను.

కంపెనీ పేరు రాయను, కామెంట్లలో అడగొద్దు. కేసు నడుస్తోంది. హైదరాబాద్ శివార్లలో శంకర్‌పల్లి వైపు అని మాత్రం చెప్తాను.

మేం బుక్ చేసింది 2019లో. సైట్ చూడ్డానికి వెళ్లిన రోజు ఇంకా రోడ్లు కూడా పడలేదు, క్లబ్‌హౌస్ పునాదుల్లో ఉంది, కానీ గుర్రాలు మాత్రం వచ్చేశాయి. నాలుగు. తెల్ల పెయింటు వేసిన కంచె, కొత్త ఇసుక, గుర్రాల్ని చూసుకునే ఒక సాయిస్. వాటిలో సుల్తాన్ అని గోధుమరంగుది ఒకటి, మలక్‌పేట రేసుల్లో పరిగెత్తి రిటైరైందట. (మన దగ్గర రైడింగ్ స్కూళ్లలో ఇలాంటివి చాలా ఉంటాయి, పాపం వాటికి జన్మలో నేర్పింది పరిగెత్తడం ఒక్కటే, పిల్లల్ని ఎక్కించుకుని మెల్లగా నడవడం మళ్లీ కొత్తగా నేర్పాలి.) మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. సాయిస్ భాయ్ దాని చెయ్యి పట్టుకుని అరచెయ్యి పలకలా చాపించి, మధ్యలో క్యారెట్ ముక్క పెట్టి, "వేళ్లు ముడవొద్దు బేటా, క్యారెట్ అనుకుని అవి గూడ తింటది" అన్నాడు. సుల్తాన్ పై పెదవి తడి తడిగా, మీసాలతో, ఆ చిన్న అరచేతినంతా తడిమి తడిమి ముక్కని వెతుక్కుంది. కితకితలకి పిల్ల పగలబడి నవ్వింది. ఆ నవ్వుకే మా ఆయన అడ్వాన్స్ చెక్కు రాశారు. ఈత కొలనూ, జిమ్మూ ఏ వెంచర్‌లోనైనా ఉంటాయి కదా.

మా నాన్నది తెనాలి. స్టేషన్ బయట జట్కాలు వరసగా నిలబడే రోజులు ఆయనకి బాగా గుర్తు. బ్రోషర్ అటూ ఇటూ తిప్పి చూసి, "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు. మరి వీటి దాణా ఎవరు పెడతారో రాశాడా అమ్మా ఇందులో?" అన్నారు. మేం నవ్వేశాం. అంత లావు బ్రోషర్‌లో రాయనిది అదొక్కటే.

తాళాలిచ్చింది 2022లో. ఓ ఎనిమిది నెలలు మాత్రం స్వర్గమే, అబద్ధం చెప్పను. ఆదివారం ఆదివారం పిల్లలు వెళ్లేవాళ్లు, ఒక్కొక్కరికి పావుగంట. మా అమ్మాయి జీను బిగించడం నేర్చుకుంది, కళ్ళెం ఎలా పట్టుకోవాలో వాళ్ల నాన్నకి డైనింగ్ టేబుల్ దగ్గర చున్నీతో చూపించేది. తర్వాత చివరి పది విల్లాలు కూడా అమ్ముడుపోయాయి. ఆ నెల దాటిందో లేదో బయటి నుంచి ఒక రైడింగ్ అకాడమీ వాళ్లు వచ్చారు. మాకు మంగళ, గురువారాలు మధ్యాహ్నం 2 నుంచి 4 "రెసిడెంట్ స్లాట్" అన్నారు. మధ్యాహ్నం 2కి స్కూల్లో ఉండే పిల్లలకి, అదీ ఏప్రిల్ ఎండలో! శని, ఆదివారాలు కావాలంటే బయటివాళ్లలాగే మెంబర్‌షిప్ కట్టాలి. లిస్టు అంటే ఆ లిస్టు.

అప్పుడు మొదటిసారి బ్రోషర్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. అందులో ఎక్కడా "గుర్రపుశాల నిర్మించి నివాసితులకి అప్పగిస్తాం" అని లేదు. ఉన్న మాట "ఈక్వెస్ట్రియన్ సౌకర్యాలకు యాక్సెస్". మా లాయరు గారు ఆ ఒక్క మాట కింద పెన్సిలుతో గీత గీసి, "అమ్మా, సినిమా హాలుకి కూడా మీకు యాక్సెస్ ఉంది. టికెట్ కొనుక్కుంటే" అన్నారు. ఆ మనిషి మీద కోపం వచ్చింది కానీ ఆయన చెప్పింది నిజం.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొడితే రిజిస్ట్రేషన్ అప్పుడు పెట్టిన కాగితాలు, మంజూరైన లేఅవుట్‌తో సహా, ఎవరైనా చూడొచ్చు. కొనేముందు చూడాల్సింది. మేం కొన్న నాలుగేళ్లకి చూశాం. లేఅవుట్ పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి టేబుల్ మీద పరిచి, పక్కన బ్రోషర్‌లోని రంగు రంగుల మ్యాప్ పెట్టి, చెరువు గట్టు ఆధారంగా రెండూ కలుపుకుంటూ వెళ్లాం. మా విల్లా దొరికింది. పార్కు దొరికింది. సెప్టిక్ ప్లాంటు కూడా దొరికింది. గుర్రపుశాల దగ్గరికి వచ్చేసరికి మా ఆయన వేలు ఎర్ర సరిహద్దు గీత దాటి బయటికి వెళ్లిపోయింది. అది మా ప్రాజెక్టులోనే లేదు! వేరే సర్వే నంబరు, వాళ్లదే ఇంకో కంపెనీ పేరు మీద ఉన్న పొలం. గుర్రపుశాల చుట్టూ ఉన్న తెల్ల కంచెని చూసి లోపలున్నదంతా మనదే అనుకున్నాం.

ఆ గీతకి ఇవతల, అవతల అన్నది ఎంత తేడానో చెప్తాను. లోపల ఉండి ఉంటే అది కామన్ ఏరియా కిందికి వచ్చేది, చివరికి అసోసియేషన్ పేరు మీదికి మార్చి ఇవ్వాల్సి వచ్చేది. దాన్ని మార్చాలన్నా, తీసేయాలన్నా 2016 రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం కొనుక్కున్నవాళ్లలో కనీసం మూడింట రెండొంతుల మంది ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒకళ్లకి ఎన్ని ఇళ్లున్నా ఒక్క ఓటే. బయట ఉంది కాబట్టి ఇవేవీ వర్తించవు, ఒక్కరిని కూడా అడగక్కర్లేదు. మిగిలింది 12వ సెక్షన్. ప్రకటనలోనో, బ్రోషర్‌లోనో, మోడల్ ఇంట్లోనో చూపించిన తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి, అసలు వద్దనుకుని బయటికి పోతానంటే వడ్డీతో సహా డబ్బు వెనక్కివ్వాలి. గృహప్రవేశం చేసి, పిల్లల్ని దగ్గర బడిలో వేసి, అత్తగారి గదికి గ్రాబ్ బార్లు బిగించుకున్నాక ఎవరు పోతారండీ బయటికి. అందుకని పరిహారం అడుగుతున్నాం. అది రెరాలో పరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గర వేయాలి, ఫలానా పని చేయించండి అని ఆదేశం కావాలంటే రెరా అథారిటీ దగ్గర వేయాలి. ఈ తేడా తెలియక మొదట మూడు నెలలు పోగొట్టుకున్నాం.

ఇక మాలో మాకు. 164 విల్లాలు. గుర్రాల కోసం సంతకం పెట్టండి అంటే వచ్చినవి 41. వాట్సాప్ గ్రూపులో జరిగిన యుద్ధం గురించి వేరే పోస్టు రాయాలి. "లద్దె వాసనకి బాల్కనీలో కాఫీ తాగలేకపోయాం, పోతే పోయాయి" అని ఒకాయన. "ఈగలు" అని ఇంకొకావిడ. వాళ్లని తిట్టుకున్నాను కానీ, నిజం ఒప్పుకోవాలి, వాళ్లు అన్నది ఉత్తమాటేం కాదు. ఒక్క గుర్రం రోజుకి 20 కిలోల పైనే లద్దె వేస్తుంది. నాలుగు గుర్రాలంటే లెక్కేసుకోండి. మామూలు రోజుల్లోనే 30 లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది, మేమేమో మార్చి నుంచి ట్యాంకర్ల మీద బతుకుతాం. గడ్డి ఎనిమిది, పది కిలోలు, పైన దాణా. ఆరేడు వారాలకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్టలు చెక్కి లాడాలు మార్చాలి. దానికి ఆదివారం సెలవనేది లేదు, మీ పిల్లకి పరీక్షలని ఆగదు.

ఒక రాత్రి రెండింటికి రోడ్డు మీద టకటకమని చప్పుడైతే లేచి చూశాను. సాయిస్ భాయ్ సుల్తాన్‌ని తాడుతో పట్టుకుని వీధి దీపాల కింద మెల్లగా నడిపిస్తున్నాడు, అటు చివరి దాకా, మళ్లీ ఇటు. గుర్రానికి కడుపునొప్పట. మనుషుల్లా కక్కడం గుర్రానికి చేతకాదు, లోపల గ్యాసు చేరిందంటే ప్రాణం మీదికే వస్తుంది. డాక్టర్ వచ్చేదాకా పడుకోనివ్వకుండా నడిపిస్తూనే ఉన్నాడు. అది పొర్లాడాలని చూడ్డం, ఇతను "నై బేటా, చల్ చల్" అని బతిమాలడం. నాలుగున్నరకి అది లద్దె వేసింది. అతను అక్కడే రోడ్డు మీద కూలబడి నవ్వాడు. బ్రోషర్‌లో ఉన్న గుర్రపుస్వారీ బొమ్మ వెనకాల ఇంత చాకిరీ ఉంటుందని, దానికి నెలనెలా ఎవరో ఒకరు డబ్బు పెట్టాలని అప్పుడు అర్థమైంది. బిల్డర్‌కి అది ముందే తెలుసు. అందుకే చివరి విల్లా అమ్ముడుపోయేదాకానే పెట్టాడు.

ఇంకో లెక్క కూడా ఉంది. చిన్న రైడింగ్ మైదానం అన్నా 20 మీటర్లు ఇంటూ 40 మీటర్లు, అంటే దాదాపు 950 గజాలు. ఈ రోడ్డు మీద గజం ఎంత పలుకుతోందో తెలిసినవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు.

మా ఆడపడుచు కాలిఫోర్నియాలో కరోనాలో ఉంటుంది (ఊరి పేరే అది, నవ్వకండి). దానికి ఆనుకునే నార్కో అని చిన్న ఊరుంది, 1964లో మున్సిపాలిటీ అయింది, అక్కడ ఫుట్‌పాత్‌ల బదులు ఇళ్ల ముందు గుర్రాల దారులుంటాయి. షాపు ముందు గుర్రాన్ని కట్టేసుకోవడానికి కమ్మీలు కూడా ఉంటాయట. నేను వీడియో కాల్‌లో మా ఏడుపంతా వెళ్లగక్కితే తను ఒకటే అడిగింది, "వదినా, ఆ దారి ఎవరి పేరు మీద ఉంది?" అని. అక్కడ దారులు ఊరివి, గుర్రం ఎవరిది వాళ్లది. ఇంటివాళ్లు మారినా, కట్టినవాడు పోయినా దారికి తాళం వేసే హక్కు ఎవడికీ లేదు. మాకు అంతా తలకిందులు. గుర్రం అద్దెది, పొలం వాడిది, తాళం వాడిది, మాది ఒక్క యాక్సెస్.

అకాడమీ కూడా పోయిన ఏడాది ఎండాకాలంలో ఖాళీ చేసి వెళ్లిపోయింది. సుల్తాన్ ఎటు పోయిందో తెలీదు, సాయిస్ భాయ్ ఫోను కలవడం లేదు. మా అమ్మాయిని శనివారాలు అజీజ్‌నగర్ వైపు ఒక రైడింగ్ స్కూల్లో దింపుతున్నాం, పోనూ రానూ గంటన్నర. పక్కనున్న చెరువు నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయింది, "మన కమ్యూనిటీలో గుర్రం అన్న మాటకి మిగిలింది అదే" అని మా ఆయన వాకింగ్‌లో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పి విసిగిస్తున్నారు. ఆ ఇసుక మైదానంలో ఇప్పుడు గడ్డి పరిచి, స్టేజీ కట్టి, ఫంక్షన్లకి అద్దెకిస్తున్నారు.

పోయిన గురువారం అక్కడ ఒక పెళ్లి. మర్ఫా మోత, డీజే, టపాసులు. పెళ్లికొడుకు బరాత్‌లో తెల్ల గుర్రం ఎక్కి వచ్చాడు. మా అమ్మాయి ఫ్రిజ్ తెరిచి ఒక క్యారెట్ పట్టుకుని కంచె దగ్గరికి పరిగెత్తింది, నేను వెనకాలే. జరీ గుడ్డలు కప్పి, నెత్తిన కుచ్చు పెట్టి, ఆ మోతకి చెవులు వెనక్కి వాల్చి నిలబడి ఉంది పాపం. మా అమ్మాయి కంచెలోంచి చెయ్యి బయటికి పెట్టి అరచెయ్యి పలకలా చాపింది, వేళ్లు ముడవకుండా. గుర్రం పట్టుకున్న కుర్రాడు మా వైపు చూశాడు.

"ఫోటోకి 50 మేడమ్" అన్నాడు.