రెండు గ్లాసులు, రెండు పెడ్డలు

ఇంటికొచ్చి రెండుసార్లు కడుక్కున్నా గోళ్ల సందుల్లో మట్టి ఇంకా పోలేదు.

మట్టి పరీక్ష కోసం పొద్దున ఒకే పొలంలో 15 చోట్ల నమూనాలు తీశాం. పైన చెత్త పక్కకు నెట్టి, 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని అంచు వెంట పైనుంచి కిందిదాకా ఒకే మందంలో మట్టి గీకాలి. చెట్ల కింద, ఎరువు కుప్ప పోసిన చోట తీయకూడదు. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేస్తూ పోతే చివరికి అరకిలో మిగులుతుంది. పొలం మొత్తం తరఫున మాట్లాడాల్సింది ఆ అరకిలోనే. అందుకే ఈ పనిలో ఎవరైనా తొందరపడితే నాకు కోపం వస్తుంది. నమూనా తప్పుగా తీశాక ల్యాబులో ఎంత జాగ్రత్తపడి ఏం లాభం?

"రిపోర్టు వచ్చేదాకా ఏమీ తెలీదా సార్?" అని పొలం పెద్దాయన అడిగారు. గుప్పెడు మట్టి తడిపి ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా సాగదీశాను. అయిదు సెంటీమీటర్లు దాటినా తెగలేదు. బంకమట్టి బాగా ఉన్న నేల, నీటినీ పోషకాలనీ పట్టి ఉంచగలదు.

తర్వాత రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, పొలం మధ్య నుంచి తెచ్చిన ఎండు పెడ్డ ఒకదాంట్లో, గట్టు మీద గడ్డి వేళ్ల కింది పెడ్డ ఇంకోదాంట్లో వేశాను. మొదటిది చూస్తుండగానే పొడిపొడిగా విడిపోయి అడుగుకు జారింది, నీళ్లన్నీ బురదయ్యాయి. గట్టు పెడ్డ మాత్రం చిన్న చిన్న గాలి బుడగలు వదులుతూ అలాగే కూర్చుంది. ఆయన వంగి చాలాసేపు చూశారు. "రెండూ ఒకే మట్టి కదా సార్!"

ఒకే మట్టే. కాకపోతే గట్టును నాగలి తాకలేదు. వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే జిగురు, శిలీంధ్రాల సన్నటి పోగులు అక్కడ రేణువుల్ని కట్టి ఉంచాయి. పదేపదే మెత్తగా దున్ని, ఎండకు వదిలేసిన చోట ఆ జిగురు తరిగిపోతుంది, కొత్తది చేసేందుకు వేళ్లుండవు. అలాంటి నేల మీద వాన పడితే విడిపోయిన మట్టి సందుల్ని పూడ్చేస్తుంది. నీరు ఇంకక, పైమట్టిని ఊడ్చుకుని పారిపోతుంది. అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుందని తెలిసి ఆ బురద నీళ్లు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పంట కోశాక మిగిలే కొయ్యకాళ్లు తగలబెట్టకుండా నేల మీదే ఉంచమని చెప్పాను. ఒక మూల ఈసారి దున్నకుండా చూస్తానన్నారు. అక్కడి మట్టినీ గట్టు మట్టినీ విడిగా సంచుల్లో కట్టి తెచ్చాను. నీడలో ఆరాక రెండింట్లో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకులూ వేళ్ల నుంచి మట్టిలో చేరే కర్బనం, ఎంతుందో చూసి, ముందు ఆయనకే ఫోన్ చేయాలి.