313 కనిపించగానే బి1 అనుకోవద్దు

శెనక్కాయకు పట్టే బూజు తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్ బి1. దాని అణుభారం 312. అయాన్లను భారాన్ని బట్టి వేరుచేసి చూపే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో, ద్రావణాన్ని విద్యుత్తుతో తుంపరగా చిమ్మి అయాన్లను పుట్టించే ఎలక్ట్రోస్ప్రే దగ్గర దానికి ఒక ప్రోటాన్ అంటుకుని 313 దగ్గర పీక్ వస్తుంది. ఎమ్మెస్సీలో ఇంతవరకూ చెప్పి వదిలేస్తారు. ఆ 313 ఇంకా ఎక్కడెక్కడి నుంచి రాగలదు, రావాల్సినది రాకుండా ఎటు పోతుంది అన్న దగ్గరే అయాన్ కెమిస్ట్రీ మొదలవుతుంది. అనంతపురంలోనో కర్నూల్లోనో చదువుకుంటూ మాస్ స్పెక్ట్రోమెట్రీలో పరిశోధన చేయాలనుకునే వాళ్లకు ఈ ఒక్క అణువు చాలా పాఠాలు చెప్తుంది. పైగా ఇది మన శెనక్కాయ చేలల్లో పుట్టే సరుకే.

కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే, ఎర్రనేల కాగిపోతే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయ భూమిలో ఉండగానే లోపలికి దూరుతుంది. మిగతాది ఒలిచే మిషన్ దగ్గర జరుగుతుంది. పప్పు పగలకూడదని కాయల మీద నీళ్లు చల్లుతారు. ఆ తడి ఆరకముందే మూటలు కట్టేస్తే బూజుకు పండగే.

విషాన్ని కొలిచే మిషన్ ఎంత ఖరీదైనదైనా, ఫలితంలో తప్పు ఎక్కువగా వచ్చేది మూటలోంచి శాంపిల్ తీసేటప్పుడే. లెక్క వేసి చూడండి. ఒక పప్పు అర గ్రాము అనుకుంటే 10 కిలోల్లో 20,000 పప్పులుంటాయి. వాటిలో ఒక్కదానికి బాగా బూజు పట్టి, అందులో 100 మైక్రోగ్రాముల విషం చేరిందనుకుందాం. సరుకు మొత్తానికి సగటు కిలోకు 10 మైక్రోగ్రాములు. యూరప్‌లో నేరుగా తినే వేరుశనగకు బి1 పరిమితి 2, బి1, బి2, జి1, జి2 అనే నాలుగు అఫ్లాటాక్సిన్లూ కలిపి 4. అంటే ఆ సరుకు వెనక్కి రావాల్సిందే. ఇప్పుడు పైనుంచి అర కిలో తీసుకుంటే ఆ పప్పు అందులో పడే అవకాశం ఇరవైలో ఒకటి. పడకపోతే ఫలితం సున్న, పడితే 200. రెండూ తప్పే. అందుకే పది కిలోలూ మూట పైన, మధ్యన, అడుగున కొంచెం కొంచెంగా తీయాలి, తీసినదంతా రుబ్బాలి.

పప్పులో దాదాపు సగం నూనె. పొడిగా రుబ్బితే ముద్దయి జార్ గోడలకు అంటుకుంటుంది, ఎక్కడి విషం అక్కడే ఉండిపోతుంది. సమాన బరువు నీళ్లు పోసి జారుగా రుబ్బడం నయం. అయితే ఇక్కడో గొయ్యి ఉంది. పద్ధతి ప్రకారం 25 గ్రాముల పప్పుకు 5 గ్రాముల ఉప్పు, 70:30 మిథనాల్-నీళ్లు 125 మిల్లీలీటర్లు పోసి రెండు నిమిషాలు బ్లెండర్లో తిప్పాలి. మీరు తూచేది 50 గ్రాముల రుబ్బు కాబట్టి అందులో 25 మిల్లీలీటర్ల నీళ్లు ముందే ఉన్నాయి. మిథనాల్ 87.5, నీళ్లు 12.5 మాత్రమే పోయాలి. అది మరిచి 125 పోస్తే మొత్తం 150 అవుతుంది, ఫలితం ఆరో వంతు తగ్గుతుంది. మిథనాల్ శాతం కూడా పడిపోతుంది కాబట్టి రాబట్టే శక్తీ తగ్గుతుంది. ఈ తప్పు ఏ పీక్‌లోనూ కనపడదు.

వడగట్టాక 15 మిల్లీలీటర్లకు 30 నీళ్లు కలిపి, గ్లాస్ ఫైబర్ కాగితంలో మళ్లీ వడగట్టి, అందులో 15 మిల్లీలీటర్లు, అఫ్లాటాక్సిన్లను పట్టుకునే యాంటీబాడీలున్న ఇమ్యునోఅఫినిటీ కాలమ్‌లోంచి సెకనుకు ఒక చుక్క చొప్పున దింపాలి. తొందరపడితే యాంటీబాడీకి పట్టుకునే వ్యవధి ఉండదు. 10 మిల్లీలీటర్ల నీళ్లతో రెండుసార్లు కడిగి, 1 మిల్లీలీటర్ మిథనాల్‌తో బయటికి తీయాలి. ఇందులో ఉన్నది సరిగ్గా 1 గ్రాము పప్పు సారం. శాంపిల్ కిలోకు 4 మైక్రోగ్రాములైతే ఇది మిల్లీలీటర్‌కు 4 నానోగ్రాములు. సమానంగా నీళ్లు కలిపి 10 మైక్రోలీటర్లు ఇంజెక్ట్ చేస్తే, మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ముందు అణువులను విడదీసే సీ18 కాలమ్ మీదికి వెళ్లేది 20 పికోగ్రాములు. నీళ్లు కలపకుండా ఉట్టి మిథనాల్ ఎక్కిస్తే పీక్ ముందువైపు చీలుతుంది.

ఆ 5 గ్రాముల ఉప్పును ఒకసారి తలుచుకోండి. ఇమ్యునోఅఫినిటీ కాలమ్‌ను సరిగా కడగకపోయినా, గాజు సామాను చివరిసారి బోరు నీళ్లతో కడిగినా సోడియం వెంట వస్తుంది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, టీ గిన్నెకే తెల్లగా పట్టేస్తాయి. అప్పుడు బి1కు ప్రోటాన్ బదులు సోడియం అంటుకుంటుంది. 313లో ఉండాల్సిన బలం 335కు, పొటాషియం ఉంటే 351కి పారిపోతుంది. పోయినా అక్కడ కొలుచుకుందాం అంటే కుదరదు. ప్రోటాన్ అణువులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతూ బంధాలను బలహీనపరుస్తుంది కాబట్టి, మిషన్ లోపల వాయువుతో గుద్దించినప్పుడు అయాన్ చక్కగా విరుగుతుంది. సోడియం అలా కదలదు. ఎంత గుద్దినా మొండిగా నిలబడి, చివరికి తానే ఊడిపోతుంది. కొలిచే ముక్కలు దొరకవు. మందు చిన్నదే: మొబైల్ ఫేజ్‌లో, అంటే సీ18 కాలమ్ గుండా పారే ద్రవంలో, లీటరుకు 0.315 గ్రాముల అమ్మోనియం ఫార్మేట్, అంటే 5 మిల్లీమోలార్, ఇంకా 1 మిల్లీలీటర్ ఫార్మిక్ ఆమ్లం. ఫాస్ఫేట్ బఫర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది ఆవిరి కాదు, అయాన్లు పుట్టే చోటైన సోర్స్‌లో తెల్లగా పేరుకుంటుంది.

ఇక దొంగ 313లు. అఫ్లాటాక్సిన్ జి2 ప్రోటాన్‌తో కలిసి 331. సోర్స్‌లో వోల్టేజీ ఎక్కువైతే అది అక్కడే ఒక నీటి అణువును వదిలేస్తుంది. 331లోంచి 18 పోతే 313. ఇది పైపైన కలిసిన అంకె కాదు, రెండింటిలో ఉన్న పరమాణువులే ఒకటి: కార్బన్ 17, హైడ్రోజన్ 13, ఆక్సిజన్ 6. నాలుగు దశాంశాలు చూపించే హై రిజల్యూషన్ మిషన్‌లోనూ రెండూ 313.0707 దగ్గరే నిలబడతాయి. కోట్లు పోసి కొన్న మిషన్‌కు చేతకాని పని సీ18 కాలమ్ చేస్తుంది: ముందు జి2, తర్వాత జి1, బి2, చివర బి1. జి2 స్టాండర్డ్ (గాఢత తెలిసిన శుద్ధమైన ద్రావణం) ఒక్కదాన్నే ఎక్కించి 313 ఛానెల్‌లో జి2 సమయానికి ఏమైనా లేస్తోందేమో చూడండి. లేస్తే సోర్స్ వోల్టేజీ తగ్గించండి.

బి1, బి2ల మధ్య కూడా ఇలాంటి లంకె ఉంది. బి1లో 17 కార్బన్లు. ఒక్కోటి మామూలు కార్బన్-12 కాక ఒక యూనిట్ బరువెక్కువైన కార్బన్-13 అయ్యే వాటా సుమారు 1.1 శాతం కాబట్టి 314 దగ్గర దాదాపు 18 శాతం, 315 దగ్గర ఆక్సిజన్-18తో కలిపి 3 శాతం దాకా నీడ పడుతుంది. బి2 పీక్ 315 దగ్గరే. శెనక్కాయలో సాధారణంగా బి1 ఎక్కువ, బి2 తక్కువ. బి1 వందలో బి2 ఐదే ఉందనుకుంటే, ఆ ఐదు పక్కన ఈ మూడు చిన్నదేం కాదు. పీకులు కాలమ్ మీద విడిపోకపోతే లేని బి2ను రాసేస్తాం.

బి1ను కొలవడానికి వాడేవి రెండు విరుగుళ్లు: 313 నుంచి 285, 313 నుంచి 241. మొదటిది కార్బన్ మోనాక్సైడ్ పోవడం, సులువుగా జరుగుతుంది. రెండోదానికి గట్టిగా గుద్దాలి. ఎంత గట్టిగా అన్నది ఎవరి పేపర్లోంచో ఎత్తుకోవద్దు. 30 ఎలక్ట్రాన్ వోల్టులతో పంపినా విరగడానికి పనికొచ్చేది అందులో కొంతే: గుద్దుకునే వాయువు భారాన్ని, వాయువు, అయాన్ల మొత్తం భారంతో భాగించాలి. వచ్చినదాన్ని 30తో గుణించాలి. ఆర్గాన్ అయితే 40ని 353తో, అంటే 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు. నైట్రోజన్ అయితే 28ని 341తో, అంటే 2.5. ఒకే అంకె తిప్పినా దెబ్బ వేరు. మిల్లీలీటర్‌కు 100 నానోగ్రాముల ద్రావణాన్ని సిరంజి పంపుతో నిమిషానికి 10 మైక్రోలీటర్లు పంపుతూ, 5 నుంచి 60 దాకా ఐదేసి వోల్టులు పెంచి, 313, 285, 241ల ఎత్తులు గీయండి. ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కడ లేస్తోందో ఆ గీతల్లోనే ఉంటుంది. ఒక పూట పని. ఈ గీతలు స్వయంగా గీయని వాళ్లు మిషన్ నడుపుతున్నట్టే గానీ మాస్ స్పెక్ట్రోమెట్రీ చేస్తున్నట్టు కాదని నా అభిప్రాయం.

ఇంటర్నల్ స్టాండర్డ్‌గా, అంటే శాంపిల్‌లో తెలిసిన మోతాదులో కలిపి పోల్చుకోవడానికి, పదిహేడు కార్బన్లూ కార్బన్-13 అయిన బి1 దొరుకుతుంది. దాని పీక్ 330, విరిగితే 301. 28 బదులు 29 ఎందుకు పోయిందంటే పోయిన మోనాక్సైడ్‌లోనూ కార్బన్-13 ఉంది గనక. ఖరీదెక్కువే, కానీ నూనె అవశేషాలు అయాన్లను అణిచేస్తే బి1తో పాటే ఇదీ అణుగుతుంది, నిష్పత్తి చెడదు. జి1 ఐసోటోప్ నీడ కూడా 330 దగ్గరే పడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

రోజువారీ రిపోర్టుకు ఇంత చాలు. పరిశోధన కావాలంటే దీని పక్కనే ఉంది. బి1 బలమైన ఆమ్లంలో నీటిని కలుపుకుని బి2ఎ అవుతుంది. దాని ఫార్ములా జి2 ఫార్ములాయే, రెండూ 331, రెండూ నీటిని వదిలి 313కు దిగగలవు. వీటిని విడదీయడానికి మొబైల్ ఫేజ్ నీటి బదులు, హైడ్రోజన్ స్థానంలో రెట్టింపు బరువున్న డ్యూటీరియం ఉండే భారజలం వాడి చూడండి. జి2లో ఓహెచ్ లేదు, డ్యూటెరాన్ మాత్రం తగిలి 332 వస్తుంది. బి2ఎలో ఒక ఓహెచ్ ఉంది, ఆ హైడ్రోజన్ కూడా మారిపోయి 333 అవుతుంది. అణువులు వాయుస్థితిలో ప్రోటాన్ కోసం పోటీ పడటాన్ని మన్సన్, ఫీల్డ్ 1966లో కెమికల్ అయనైజేషన్‌గా మలిచారు. ఆ పోటీలో ఎవరి బలం ఎంతో విరిగే నిష్పత్తిని బట్టి లెక్కగట్టే దారిని 1977లో కుక్స్, క్రూగర్ చూపించారు. నీటి ప్రోటాన్ అఫినిటీ, అంటే ప్రోటాన్‌ను పట్టుకునే బలం, మోల్‌కు 691 కిలోజౌళ్లు, మిథనాల్‌ది 754, అమ్మోనియాది 854. ఈ మూడు అంకెలు నోటికి వస్తే సోర్స్‌లో ప్రోటాన్ ఎవరి చేతిలోంచి ఎవరికి పోతుందో చాలావరకు ఊహించవచ్చు. ఈ పనికి పెద్ద కేంద్రం దూరమేమీ కాదు, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఉంది.

పని అయ్యాక సామానును సింకులో పడేయకండి. బి1 మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో ఉంది. స్టాండర్డ్‌ను పొడిగా కాక ద్రావణంగానే కొనండి, పొడి స్థిర విద్యుత్తుకు ఎగిరి చేతి తొడుగులకు పడుతుంది. వాడిన సీసాలను 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో రెండు గంటలు నానబెట్టి, తర్వాత మొత్తంలో 5 శాతం అయ్యేలా అసిటోన్ పోసి అర గంట ఉంచాలి. బ్లీచ్‌తో ఆపేస్తే బి1కు క్లోరిన్ చేరి ఇంకో విషం మిగలవచ్చు, దాన్ని తీసేది ఆ అసిటోనే. ఆఖరి కడుగు శుద్ధజలంతో, బోరు నీళ్లతో కాదు.