నా అనుభవం: అమెరికాలో ఉంటూ క్యూబా వెళ్లిరావడం

"మనది ఇండియన్ పాస్‌పోర్ట్ కదా, అమెరికా ఆంక్షలతో మనకేం పని?" క్యూబా మాట ఎత్తగానే డల్లాస్‌లోనైనా ఎడిసన్‌లోనైనా మనవాళ్లు ముందు అడిగేది ఇదే. పని ఉంది. 1963లో వచ్చిన క్యూబా ఆస్తుల నియంత్రణ నిబంధనలు పాస్‌పోర్ట్ ఏ దేశానిదో చూడవు. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా, అమెరికాలో నివసించేవాళ్లు గ్రీన్ కార్డ్ మీదున్నా హెచ్1బీ మీదున్నా, అందరూ వాటి కిందికే వస్తారు. కాంకూన్ మీదుగానో టొరంటో మీదుగానో వెళ్తే ఏమీ కాదని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట తప్పు. విమానం ఎక్కడ ఎక్కారని కాదు, కాపురం ఎక్కడని చూస్తారు. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య యూరప్ మీదుగా హవానా వెళ్తే ఈ చట్టంతో ఆయనకు సంబంధం లేదు. అదే గదిలో దిగిన న్యూజెర్సీ తమ్ముడికి ఉంది.

చట్టం అడ్డుకునేది ప్రధానంగా అక్కడ డబ్బు ఖర్చు పెట్టడాన్ని. అమలు చేసేది ట్రెజరీ శాఖలోని ఓఫాక్, అంటే విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం. పర్యాటకం కోసం లైసెన్స్ ఇచ్చే అధికారాన్ని 2000లో కాంగ్రెస్ చట్టం చేసి తీసేసింది. అందుకే అధ్యక్షుడు ఎవరైనా "టూరిజం" అనే తలుపు తెరుచుకోదు. పార్టీని బట్టి మారేవల్లా అనుమతి ఉన్న 12 కేటగిరీల లోపలి షరతులే. 2016లో ఒంటరిగా వెళ్లేవాళ్లకు "పీపుల్ టు పీపుల్" (అక్కడి ప్రజలతో పరిచయం కోసం చేసే విద్యా పర్యటన) తెరిచారు, 2017 నవంబర్‌లో మూసేశారు. 2019 జూన్‌లో గ్రూపులకు కూడా తీసేసి, క్రూజ్‌లు ఆపేశారు. 2022లో గ్రూపులకు మాత్రం తిరిగి ఇచ్చారు. పాత బ్లాగులు చదివి ప్లాన్ చేసుకోవద్దని గట్టిగా చెప్పేది ఇందుకే. నేను ఇక్కడ రాస్తున్నవి 2025 నాటి నిబంధనలు. టికెట్ కొనే ముందు ఓఫాక్ సైట్‌లో క్యూబా ప్రశ్నోత్తరాలు ఒకసారి చదవండి.

కుటుంబ సందర్శన, జర్నలిజం, వృత్తిపరమైన పరిశోధన, చదువు, మత కార్యక్రమాలు, ఇలా ఉన్న 12లో బంధువులూ సంస్థలూ లేని మనలాంటివాళ్లకు సరిపోయేది ఆ నిబంధనల్లోని సెక్షన్ 515.574, "సపోర్ట్ ఫర్ ద క్యూబన్ పీపుల్", అంటే క్యూబా ప్రజలకు అండగా నిలవడం. ఇది జనరల్ లైసెన్స్. అప్లికేషన్ లేదు, ఫీజు లేదు, అప్రూవల్ నోటీసు రాదు. ప్రతిదానికీ ఐ-797 (ఇమిగ్రేషన్ శాఖ పంపే నోటీసు) చేతిలో పట్టుకునే అలవాటున్న మనకు ఇది తేలికనిపిస్తుంది. కానీ ముందుగా ఎవరూ చూడరంటే, తర్వాత ఎవరైనా అడిగితే నిరూపించుకోవాల్సిన భారమంతా మనదేనని అర్థం. సివిల్ జరిమానా గరిష్ఠంగా ఒక్కో ఉల్లంఘనకు లక్ష డాలర్లు దాటుతుంది.

ఈ సెక్షన్ కోరేది మూడు: రోజంతా నిండే కార్యక్రమం, క్యూబా ప్రజలతో అర్థవంతమైన పరిచయం, ఆ కార్యక్రమానికి మించని ఖాళీ సమయం. రోజుకు ఇన్ని గంటలని అంకె ఎక్కడా లేదు. నేను ఆఫీసు రోజులాగే ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా నింపుకున్నాను. ఎక్కువమంది పొరబడేది ఒకచోట. ప్రైవేటు ఇంట్లో గది అద్దెకు తీసుకుని, ప్రైవేటు హోటల్లో తిని, చిన్న వ్యాపారుల దగ్గర కొంటే చాలనుకుంటారు. అవి కావలసినవే, కానీ వాటితోనే సరిపోదు, వాటికి తోడు కార్యక్రమం ఉండాలి. నిబంధనల్లోనే ఉదాహరణలు ఇచ్చారు: సైకిల్ అద్దెకు తీసుకుని తిరుగుతూ, బీచ్‌లో అమ్ముకునేవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే అర్హత రాదు. సొంతంగా వ్యాపారం మొదలుపెడుతున్న క్యూబన్లకు సాయపడితే వస్తుంది.

కాబట్టి నా షెడ్యూల్‌లో ప్రతి గడికీ ఎదురుగా ఒక మనిషి ఉండేలా రాసుకున్నాను: సొంత స్టూడియో నడిపే చిత్రకారుడి దగ్గర ప్రింటింగ్ పాఠం, ప్రైవేటుగా నేర్పే టీచర్ దగ్గర సల్సా, ఇంటి వంటగదిలో వంట పాఠం, స్వయం ఉపాధి డ్రైవర్ కారులో అతను చూపించే నగరం. తేదీ, సమయం, పేరు, చిరునామా, ఈ పని వల్ల ప్రభుత్వంతో సంబంధం లేని ఎవరి జీవనోపాధికి మేలు జరుగుతుందో ఒక వాక్యం. ఆ చివరి వాక్యం రాయలేని పనిని షెడ్యూల్‌లోంచి తీసేశాను. కాగితాల కోసం చేసే తంతు కాదిది. కరెంటు కోతల మధ్య, 2024 అక్టోబర్‌లో లాగా దేశమంతా చీకటైపోయిన రోజుల్లో కూడా, ఆ చిన్న వ్యాపారాలను నిలబెట్టేది ఇలా నేరుగా చేతికందే డబ్బే. ఈ కేటగిరీలో వెళ్లడానికి అసలైన న్యాయం అదేనని నేను నమ్ముతాను.

బసకు అమెరికా విదేశాంగ శాఖ జాబితాలు రెండున్నాయి. ఒకటి నిషిద్ధ బసల జాబితా, రెండోది సైన్యంతో ముడిపడిన సంస్థల పరిమితుల జాబితా. ప్రభుత్వ హోటళ్లు దాదాపు అన్నీ వీటిలో ఉన్నాయి, వరదేరో బీచ్ రిసార్టులతో సహా. "కాసా పర్టిక్యులర్" అనే ప్రైవేటు ఇళ్లు సురక్షితం. అయినా పేరూ చిరునామా జాబితాతో పోల్చి, ఆ రోజు జాబితాను పీడీఎఫ్‌గా దాచుకున్నాను. తర్వాత జాబితా మారినా, బుక్ చేసిన నాటికి ఆ ఇల్లు అందులో లేదని చూపించవచ్చు.

క్యూబా వైపు పని చిన్నది. ఇప్పుడు ఈ-వీసా తప్పనిసరి. ప్రయాణానికి 7 రోజుల ముందు నుంచి "డి వియాహెరోస్" అనే క్యూబా ప్రవేశ ఫారం ఆన్‌లైన్‌లో తెరుచుకుంటుంది. వీసా కోడ్ అందులో సరిగ్గా పడాలి, వచ్చే క్యూఆర్ కోడ్‌ను కాగితం మీద ప్రింట్ తీసుకోవాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే టికెట్, వీసా, ఫారం మూడింటిలోనూ ఉండాలి. పొడుగాటి ఇంటిపేర్లున్న మనవాళ్లు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. ఆ వీసా మీద "టూరిస్ట్" అని ఉంటే కంగారు అక్కర్లేదు. అది క్యూబా పెట్టుకున్న పేరు, అమెరికా చట్టం చూసేది మీరు చేసే పనిని. ఎయిర్‌లైన్ మాత్రం బుకింగ్‌లో 12 కేటగిరీల్లో ఏదని అడుగుతుంది. షెడ్యూల్‌లో ఉన్నదే అక్కడా చెప్పాలి. క్యూబా అడిగే ఆరోగ్య బీమా అమెరికా నుంచి నేరుగా వెళ్లే టికెట్ ధరలో కలిసి ఉంటుందేమో ముందే అడగండి.

డబ్బు విషయానికొస్తే, అమెరికా బ్యాంకుల కార్డులు అక్కడ పనిచేస్తాయని నమ్ముకోకూడదు. మొత్తం ఖర్చు లెక్కవేసి, అత్యవసరానికి మరో సగం కలిపి నగదుగా పట్టుకెళ్లాను. చిరిగినవి, రాతలున్నవి ఎవరూ తీసుకోరు, కొత్త నోట్లే కావాలి. చిన్న నోట్లు ఎక్కువ ఉంచుకోండి, చిల్లర దొరకదు. అధికారిక మారకం రేటుకూ బయటి రేటుకూ చాలా తేడా ఉంటుంది, ధర డాలర్లలోనో పెసోల్లోనో ముందే తేల్చుకోవాలి. స్నేహితులతో ఖర్చు పంచుకునేటప్పుడు పేమెంట్ యాప్ నోట్‌లో "క్యూబా" అని రాస్తే లావాదేవీ ఆగిపోవచ్చు. కారణం చెప్పడానికి కాగితాలన్నీ పంపాల్సివస్తుంది. బ్యాంకు యాప్‌లు అక్కడి నుంచి తెరుచుకోకపోవచ్చు కాబట్టి బిల్లులన్నీ ముందే కట్టేశాను. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేయండి. ఎగుమతి నియంత్రణ రూల్స్ దానికీ వర్తిస్తాయి, అక్కడి నుంచి లాగిన్ అయితే కంపెనీకి జవాబు చెప్పుకోవాలి.

శాకాహారులకు ఒక మాట: అన్నం, నల్ల బీన్స్ ఎక్కడైనా దొరుకుతాయి, కానీ పంది కొవ్వుతో వండడం మామూలే. కాసా యజమానురాలికి ముందు రోజే చెప్పి చేయించుకోవడం మేలు.

రసీదుల దగ్గర ఓపిక కావాలి. ప్రింట్ రసీదు అరుదు. నేను చిన్న రసీదు పుస్తకం తీసుకెళ్లి, పని ఏమిటో, ఎంతో, తేదీ రాసి వాళ్ల సంతకం అడిగాను. అదే రాత్రి షెడ్యూల్‌లో జరిగినదీ మారినదీ రాసుకున్నాను. టీచర్ రాకపోతే ఆ గడి కొట్టేసి బదులుగా ఏం చేశానో రాశాను. తిరుగు ప్రయాణంలో రమ్, చుట్టలు వద్దు, 2020 సెప్టెంబర్ నుంచి వ్యక్తిగత సామాన్లలో కూడా నిషేధమే. 2025 మార్చి 12 నుంచి రికార్డులు దాచాల్సిన గడువు 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెరిగింది. థర్మల్ రసీదులు అంతకాలం నిలవవు, స్కాన్ చేసి రెండు చోట్ల ఉంచండి.

వీసా స్టాంప్ గడువు దాటిన హెచ్1బీ, ఎఫ్1 వాళ్లు కెనడా, మెక్సికోలకు చిన్న ట్రిప్ వేసి పాత స్టాంప్‌తో తిరిగొచ్చే వెసులుబాటును ఇక్కడ లెక్కలోకి తీసుకోకూడదు. విద్యార్థులకు చుట్టుపక్కల దీవులకు కూడా అది ఉంది గానీ, అందులోంచి క్యూబాను పేరు పెట్టి మినహాయించారు. చెల్లుబాటయ్యే స్టాంప్ లేకుండా బయలుదేరకండి. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, సింగపూర్ పాస్‌పోర్ట్ ఉన్న బంధువులు మీతో కలుస్తామంటే వాళ్లకూ ఒకటి చెప్పాలి: 2021 జనవరి 12 తర్వాత క్యూబా వెళ్లినవాళ్లకు అమెరికా రావడానికి ఈస్టా (వీసా లేకుండా రావడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) పనికిరాదు, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లి మామూలు వీసా తీసుకోవాల్సిందే.