పర్లాకిమిడి డాబా మీద శంకువు

ఫిబ్రవరి 1. పదో తరగతిలో బట్టీపట్టిన ట్యాన్ పట్టికకు మళ్లీ ప్రాణం పోయడానికి మీటరు వెదురు కర్ర, టేపు, సుద్దముక్క, మిట్టమధ్యాహ్నపు ఎండ చాలు. ఈ నిలువు కర్రే శంకువు; దాని నీడతో ఒడిశాలోని పర్లాకిమిడి అక్షాంశం తేల్చాలి. కర్రను డాబా మీద మూలమట్టంతో నిలిపితే అతి పొట్టి నీడ 73.1 సెం.మీ., అంటే సూర్యుడు నడినెత్తి నుంచి ఒరిగిన కోణం 36.2 డిగ్రీలు. సూర్యుడి దక్షిణ క్రాంతి (ఆ రోజు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు దక్షిణాన ఉన్నాడో అది) 17.1 తీసేస్తే అక్షాంశం 19.1. ఊరున్నది 18.78 దగ్గర. 30 కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరానికి తప్పింది.

ఫిబ్రవరి 8. తప్పు డాబాది. వాననీరు పోవడానికి శ్లాబుకు మీటరుకు సెంటీమీటరు వాలు ఉంది, ఇక్కడ ఉత్తరానికి. మూలమట్టం ఆ వాలునే నమ్మి కర్రను 0.57 డిగ్రీలు వంచేసింది. కర్రను తూకపు గుండుతో, కింద పలకను రసమట్టంతో సరిచేశాక నీడ 66.1, కోణం 33.5, క్రాంతి 15.0. అక్షాంశం 18.5! ఇప్పుడు దక్షిణానికి తప్పింది. అంటే మొదటి రోజు రెండు తప్పులున్నాయి, ఒకటి రెండోదాన్ని సగం కప్పేసింది.

ఈ రెండోది అసలు అందమైనది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ కొస సెంటీమీటరు పైచిలుకు మేర మసకగా ఉంటుంది. చిక్కటి నీడ ఆగేచోట గీత గీస్తే అది బిళ్ల పై అంచు లెక్క, నడుమది కాదు. పావు డిగ్రీ పోతుంది. మందు: కర్ర కొసకు అరచేతి వెడల్పు రేకు, అందులో 3 మి.మీ. బెజ్జం. రేకు నీడలో వెలుగు బిళ్ల పడుతుంది, దాని నడుమ చుక్క పెట్టాలి. ఎత్తు 100 సెం.మీ. బెజ్జం దగ్గరికి, దూరం బెజ్జం నుంచి వేలాడే గుండు మొన కింది నుంచి.

గడియారం 12ను నమ్మకూడదు. మన ప్రామాణిక కాలం 82.5 రేఖాంశానిది, పర్లాకిమిడి 84.1 దగ్గర. తూర్పున ఉన్నందుకు ఆరు నిమిషాలు ముందు, దానికి తోడు సూర్యుడి సొంత ఆలస్యాలు, తొందరలు: ఫిబ్రవరి మొదట్లో నడిమధ్యాహ్నం 12:07కి, సెప్టెంబరు 23న 11:46కే. 5 నిమిషాలకో చుక్క పెట్టి అతి దగ్గరిదాన్ని తీసుకోవడమే మేలు.

మార్చి 21. 12:01కి బిళ్ల 33.5 సెం.మీ. దగ్గర. కోణం 18.5. సూర్యుడు 0.3 డిగ్రీలు ఉత్తరానికి దాటాడు కాబట్టి ఈసారి కలపాలి: 18.8. కుదిరింది! పాత గణితంలో 12 అంగుళాల శంకువుకు విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నాటి మధ్యాహ్నపు నీడను పలభ అంటారు. ఈ ఊరికి అది 4 అంగుళాల పైన కాస్త. ఒడిశాకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త పఠాణి సామంత (1835–1904) వెదురు, కర్ర పరికరాలతోనే ఆకాశాన్ని కొలిచారు.

తర్వాతిది మే 15 ప్రాంతంలో, సూర్యుడు నడినెత్తికి చేరి బిళ్ల సరిగ్గా గుండు కిందికి వచ్చే రోజు. అప్పటికి బెజ్జాన్ని కర్రకు 10 సెం.మీ. ఎడంగా జరపాలి, లేకపోతే బిళ్ల కర్ర మొదట్లోనే పడుతుంది.