పడమటి గోడ

ఆదివారం. పొద్దున్నే అక్కవాళ్ల పొలానికి వెళ్లాను. పరకాల దాటాక రోడ్డు పక్కనే మూడెకరాలు, రెండు బర్రెలు, ఒక ఆవు, కోళ్లు. ఊళ్లో కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఇక్కడే ఇల్లు కట్టుకోవాలని, పాలు, కూరగాయలు, వంటగ్యాస్ అన్నీ ఇంటివే కావాలని వాళ్ల కోరిక. చేతిలో ఉన్నది కొంచెమే. కరెంటు బిల్లు అసలే రావొద్దని అక్క పట్టుదల. ప్లాన్ గీసే బాధ్యత నాది.

బావకు బెడ్‌రూంలో ఏసీ ఉండాలి. "ఎండకాలం పిల్లలకు నిద్ర పట్టొద్దా?" అన్నాడు. పట్టాలి, కాదనను. కానీ గోడ రోజంతా ఎండను తాగి, ఆ వేడిని రాత్రంతా గదిలోకి వదులుతుంటే ఏసీ పెట్టి దాంతో కొట్లాడటం డబ్బులు పారబోసుకోవడమే. ముందు వేడి లోపలికి రాకుండా చూసుకోవాలి. మిషన్ల సంగతి ఆ తర్వాత.

వేపచెట్టు కింద కూర్చుని లెక్క వేసి చూపించాను. అక్కకు తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. దాటితే మొత్తం కట్టాలి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు. నాలుగు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 135 యూనిట్లు. అదే తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 54. ఫ్రిజ్, లైట్లు, టీవీ, మిక్సీ, నీళ్ల మోటరు అన్నీ కలిపి ఇంకో 65 వేసుకున్నా 120 దాటదు. మామూలు ఫ్యాన్లతో సరిగ్గా 200 అంచున నిలబడతాం. ఇక టన్నున్నర ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే అదొక్కటే నెలకు 300 దాకా లాగుతుంది. అంకెలు చూశాక బావ కాసేపు మాట్లాడలేదు. చివరికి, "సరే, గోడలో ఏసీకి రంధ్రమన్నా వదులు" అన్నాడు. వదులుతా.

అసలు పంచాయితీ పడమటి గోడ దగ్గరే. మన దగ్గర మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. అప్పుడు దెబ్బంతా స్లాబుకే. దక్షిణపు గోడకు రెండడుగుల చజ్జా సరిపోతుంది. కానీ సాయంత్రం నాలుగింటి ఎండ కిందికి దిగి నేరుగా గోడను కొడుతుంది, చజ్జా ఎంత ముందుకు తీసినా ఆగదు. అందుకే ఇంటిని తూర్పు పడమరలుగా పొడుగ్గా గీశాను. పొట్టి గోడలే ఆ రెండు దిక్కులకు వస్తాయి. కిటికీలన్నీ ఉత్తరానికి, దక్షిణానికి, ఒకదానికొకటి ఎదురెదురుగా. పడమటి వైపు పడక గది లేదు, కిటికీ లేదు. నైరుతిలో ధాన్యం గది, వాయవ్యంలో బాత్‌రూం, మధ్యలో మెట్లు. ఎండ వాటిని దాటుకునే లోపలికి రావాలి. నైరుతిలో బరువు ఉండటం వాస్తుకు కూడా సరిపోయిందని అక్కవాళ్ల అత్తమ్మ సంతోషపడింది. వంటగది ఆగ్నేయంలోనే. వానాకాలం గాలి పడమటి వైపు నుంచి వస్తుంది కాబట్టి పొగ ఇంట్లోకి మళ్లదు.

అత్తమ్మ పుట్టింటి పాత మట్టి ఇల్లు గుర్తు చేసుకుంది. "పొద్దు గట్టిపడంగనే తలుపులు పెట్టేటోళ్లం బిడ్డా, పొద్దుగూకినంక తెరిచేటోళ్లం. ఫ్యాన్ ఎక్కడిది?" ఆ అలవాటు కొత్త ఇంట్లోనూ కావాలి. ఇంజినీరు ఎంత బాగా గీసినా మే నెల మధ్యాహ్నం కిటికీలు బార్లా తెరిచి పెడితే ఏం లాభం?

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. గోడలు ర్యాట్ ట్రాప్ పద్ధతిలో, అంటే ఇటుకలు నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి కడదామన్నాను. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ఎన్నో ఇళ్లు ఇలాగే కట్టించాడు. ఇటుకలో నాలుగో వంతు మిగులుతుంది. మేస్త్రీకి నమ్మకం కుదరలేదు. "ఇటుక నిలబెట్టి కడితే గట్టిగుంటదా మేడం? పాములు దూరయా?" అన్నాడు. మాటలతో అయ్యేది కాదని అక్కడున్న ఇటుకలే తీసుకుని సిమెంటు లేకుండా నేల మీద పేర్చాను. రెండు ఇటుకలు అంచు మీద ఎదురెదురుగా, వాటి చివర అడ్డంగా ఒకటి. తొమ్మిదంగుళాల గోడ నడుమ మూడంగుళాల ఖాళీ. అతను అందులో చేయి పెట్టి, వేళ్లు విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ ఖాళీలో నిలిచిన గాలే బయటి వేడిని లోపలికి తొందరగా రానివ్వదని చెప్పాను. పునాది మీది వరుస, కిటికీల కిందా పైనా, తలుపుల పక్కన, స్లాబు కింద గట్టి వరుసలే వేస్తాం కాబట్టి పాము దూరడానికి సందు ఉండదు. రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, లోపలంతా గాలి రంధ్రాలే, 1213 నాటి గుడి ఇంకా నిలబడి ఉంది కదా అంటే మెత్తబడ్డాడు. వాళ్ల ఊరు ఆ గుడి ఉన్న పాలంపేటకు దగ్గరే. ముందు కోళ్ల గూడు గోడ అలా కట్టి చూస్తానన్నాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. కొత్త పని చెప్పినప్పుడు చూసి నమ్ముతాననే మేస్త్రీ దొరకడం అదృష్టం.

స్లాబు మీద తెల్ల టైల్ ముక్కలు పరిపించాలి. ఈ ఏడు డబ్బులు సరిపోకపోతే శివరాత్రి దాటగానే రెండు పూతలు సున్నం వేసుకున్నా చాలావరకు ఎండ వెనక్కి పోతుంది. పడమటి వైపు పదిహేను అడుగుల దూరంలో కానుగ మొక్కలు ఇప్పుడే పెట్టమన్నాను. స్నానాల నీళ్లు వాటికే. ఇల్లు లేచేసరికి నడుముల దాకా వస్తాయి.

పేడ రోజుకు 25 కిలోలు చాలు, ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్‌కు. ముగ్గురు నలుగురి వంట దాదాపు వెళ్తుంది. కొట్టానికీ వంటగదికీ మధ్య, బోరుకు దూరంగా ఆ గ్యాస్ గుంతకు గుర్తు పెట్టాను.

సోలార్ గురించి బావ అడిగాడు. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60,000, మూడుకు 78,000 సబ్సిడీ ఉంది. అయినా వద్దన్నాను. జీరో బిల్లు వస్తున్నన్నాళ్లు ఈ ఇంటికి ఆ ఖర్చు దండగ, ఆ డబ్బు గోడకూ పైకప్పుకూ పెట్టాలి. రేపెప్పుడైనా అవసరం పడితే అని స్లాబులో ఒక పైపు మాత్రం వేయిస్తాను.

రేపు బట్టీ దగ్గరికి వెళ్లాలి. నిలబెట్టి కట్టడానికి ఇటుక అంచులు సాఫీగా, కొలత ఒకటే ఉండాలి. వంకరవి ఎక్కువుంటే రేటు ఎంత తక్కువ చెప్పినా వద్దని బావకు ముందే చెప్పి పెట్టాను.