45 జీబీ పెళ్లి వీడియోను హెడ్‌సెట్‌లోకి ఎక్కించడం

గుంటూరులో జరిగిన మా మేనకోడలి పెళ్లిని మామూలు కెమెరాలతో పాటు చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసే ఒక 360 డిగ్రీల కెమెరాతోనూ తీయించారు. మోకాళ్ల నొప్పులతో విజయవాడ దాటి రాలేకపోయిన మా పెద్దమ్మకు ఆ వీడియోను వీఆర్ హెడ్‌సెట్‌లో, అంటే కళ్లకు పెట్టుకుంటే ఆ చోటే ఉన్నట్టు చూపే పరికరంలో, చూపించే బాధ్యత సహజంగానే నా మీద పడింది. చూపించడం తేలికే, అంతంత పెద్ద ఫైళ్లను కంప్యూటర్ నుంచి హెడ్‌సెట్‌లోకి చేర్చడంలోనే అసలు పని ఉంది. మా బంధువుల్లో ఈ మధ్య హెడ్‌సెట్ కొన్నవాళ్లందరూ ఇదే విషయం అడుగుతున్నారు కనుక వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 5.7కె నాణ్యతతో (అడ్డంగా 5760 చుక్కలు, అంటే పిక్సెళ్లు) సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన వీడియో, ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు 12.5 మెగాబైట్లు, అంటే గంటకు 45 గిగాబైట్లు అవుతుంది. అంత పెద్ద ఫైలును కుదించి చిన్నది చేసుకోవచ్చు కదా అని చాలామంది అంటారు గానీ, నేను ఆ సలహా ఇవ్వను. అడ్డంగా ఉన్న ఆ 5760 చుక్కలు చుట్టూ 360 డిగ్రీలకు పరచుకుంటే ఒక్కో డిగ్రీకి దక్కేవి 16 చుక్కలే. మెటా క్వెస్ట్ 3 అనే హెడ్‌సెట్ తెర డిగ్రీకి 25 చుక్కల దాకా చూపగలదు. అసలే పలచగా ఉన్న బొమ్మను ఇంకా కుదిస్తే పెళ్లికూతురి ముఖం పసుపు ముద్దలా కనిపిస్తుంది.

బ్యారేజీ వెనుక ఎంత నీరున్నా గేటు ఎత్తినంత మేరకే దిగువకు వస్తుంది. ఫైళ్ల బదిలీ కూడా అంతే: కంప్యూటర్ ఎంత వేగమైనదైనా, హెడ్‌సెట్ ఎంత ఖరీదైనదైనా, మధ్యలో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఎంత పంపితే అంతే. చాలా ఇళ్లలో ఆ ఇరుకు కేబుల్ దగ్గరే ఉంటుంది. బీసెంట్ రోడ్డులో ఒక దుకాణానికి వెళ్లి డేటా కేబుల్ కావాలని అడిగితే, "సీ టైపే కదా సార్, ఏదైనా ఒకటే" అంటూ కౌంటర్ మీద గుత్తిగా వేలాడుతున్న వాటిలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. చివరన ఉండే పిన్ను ఆకారం ఒకటే కావచ్చు గానీ లోపలి తీగలు ఒకటి కావు. చార్జింగ్ కోసం చేసిన కేబుళ్లలో చాలావాటికి పాత, నెమ్మది రకమైన యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. యూఎస్‌బీ 3 వేగానికి కావలసిన అదనపు తీగల జతలు ఉండవు. హెడ్‌సెట్ పెట్టెలో వచ్చే కేబుల్‌ను కూడా ఈ పనికి నమ్ముకోకపోవడం మంచిది. యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు. నిజంగా అందేది 30 నుంచి 40 మెగాబైట్లు. ఆ లెక్కన గంట వీడియోకు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. అట్ట మీద 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్లు) లేదా అంతకంటే ఎక్కువ అని స్పష్టంగా రాసి ఉన్న కేబుల్ కొని, దాన్ని కంప్యూటర్‌లోని యూఎస్‌బీ 3 పోర్టుకే తగిలిస్తే ఆ సమయం బాగా తగ్గుతుంది.

కేబుల్ పెట్టగానే విండోస్‌లో హెడ్‌సెట్ కనిపించకపోతే కంగారు పడనవసరం లేదు. హెడ్‌సెట్ తలకు పెట్టుకుని చూస్తే, ఫైళ్లు చూడటానికి కంప్యూటర్‌ను అనుమతించాలా అనే ప్రశ్న అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది. దానికి ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. మ్యాక్ వాడేవారికి మాత్రం ఫైళ్లు పంపడానికి హెడ్‌సెట్ వాడే ఎంటీపీ అనే పద్ధతిని అర్థం చేసుకునే వేరే యాప్ అవసరం. ఈ ఎంటీపీలో నాకు నచ్చని గుణం ఒకటుంది: కాపీ మధ్యలో తెగితే, ఆగిన చోటు నుంచి కొనసాగించదు, మళ్లీ మొదటి నుంచే. అందుకని పెళ్లి మొత్తాన్ని ఒకే ఫైలుగా పెట్టుకోకుండా స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని విడివిడిగా ఉంచుకోవడం మేలు. చూసేవారికీ అదే సుఖం. గంటసేపు హెడ్‌సెట్ మోయగల మెడ పెద్దవాళ్లకు ఉండదు.

వీడియోగ్రాఫర్ దగ్గర నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవారు, అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదని, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలని గుర్తుంచుకోవాలి. మారిస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక వైఫై. కాపీ చేయకుండా కంప్యూటర్‌లోని వీడియోను స్కైబాక్స్ వంటి ప్లేయర్‌తో నేరుగా చూడవచ్చన్నది నిజమే, చిన్న వీడియోలకు అది హాయి కూడా. అయితే కంప్యూటర్, హెడ్‌సెట్ రెండూ వైఫైలోనే ఉంటే ప్రతి బైటూ గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి కనుక వేగం సగానికి పడిపోతుంది. కంప్యూటర్‌ను తీగతో రౌటర్‌కు కలుపుదామంటే, చౌక రౌటర్లలో చాలావాటికి తీగ పోర్టులు 100 మెగాబిట్లవే ఉంటాయి. మన వీడియో కూడా సరిగ్గా 100 మెగాబిట్లదే! అంటే గంట వీడియో కాపీకి గంట పైనే పడుతుంది, నేరుగా చూస్తే తాళి కట్టే వేళకే బొమ్మ ఆగి గుండ్రం తిరుగుతుంది. గిగాబిట్ పోర్టు, 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండూ ఉండి, రౌటర్ అదే గదిలో ఉంటే తప్ప పెద్ద వీడియోలకు నేను వైఫై జోలికి పోను.

కాపీ సాగుతున్నంతసేపూ హెడ్‌సెట్‌ను కిటికీ పక్కన, కటకాలు వెలుతురు వైపు ఉండేలా పెట్టకూడదు. ఆ కటకాలు భూతద్దాల్లా పనిచేసి ఎండను తెర మీద ఒక చోటికి చేరుస్తాయి. మన ఊరి ఎండకు తెర కాలి మచ్చ పడటానికి ఎంతోసేపు పట్టదు. పైన ఒక తువ్వాలు కప్పుదామంటే వేడి బయటికి పోదు, కనుక నీడపట్టున, ఫ్యాను కింద బోర్లించి పెట్టడమే పద్ధతి.

కాపీ అయ్యాక రెండు వైపులా ఫైలు పరిమాణం ఒక్క బైటు కూడా తేడా లేకుండా ఉందో లేదో చూసుకున్న తర్వాతే కెమెరా కార్డు ఖాళీ చేయాలి. క్వెస్ట్ హెడ్‌సెట్లలో మెమరీ కార్డు పెట్టే చోటు లేదు కనుక చూడటం అయిపోయినవాటిని ఎప్పటికప్పుడు తీసేయక తప్పదు. ఫైలు పేరు చివర 360 అనో, ముందువైపు సగం మాత్రమే, రెండు కళ్లకు విడివిడిగా తీసినదైతే 180, ఎల్ఆర్ (ఎడమ, కుడి) అనో చేరిస్తే చాలా ప్లేయర్లు దాన్ని బట్టే బొమ్మను సరిగ్గా చుట్టి చూపిస్తాయి. ఈ పేర్లు మార్చే పని మాత్రం కంప్యూటర్‌లో ఉండగానే ముగించుకోండి. గాల్లో తేలే కీబోర్డు మీద కంట్రోలర్‌తో ఒక్కో అక్షరం గురిచూసి కొట్టే ఓపిక నాకైతే లేదు.